నిపా వార్త చూసి కేరళ ట్రిప్ క్యాన్సిల్ అంటున్నారు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలా?

గడియారం_సెంటర్ (సోమవారం, రాత్రి 10:15)

అందరికీ నమస్తే. నాది నల్గొండ, 17 సీట్ల టెంపో ట్రావెలర్ ఒక్కటే ఉంది, ఓనర్‌నీ నేనే, డ్రైవర్‌నీ నేనే. మిర్యాలగూడ నుంచి ఒక కుటుంబం వచ్చే శుక్రవారం కేరళ బయల్దేరాలి, మున్నార్, తేక్కడి, అలెప్పీ, మొత్తం ఏడు రోజులు. నెల కిందటే 20 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. నిన్న సాయంత్రం టీవీలో కేరళలో నిపా వైరస్ అని కింద స్క్రోలింగ్ వచ్చింది, తొమ్మిది కాకముందే పెద్దాయన ఫోన్. "బాబూ, పిల్లలున్నరు, ముసలోళ్లున్నరు, మేం రాలేం, అడ్వాన్స్ పంపించు" అన్నాడు. ఆ 20 వేలలో ఏడున్నర వేలు పర్మిట్లకు కట్టేశాను, ఆరు వేలు పెట్టి వెనక టైర్ మార్పించాను, మిగిలింది ఫైనాన్స్ కిస్తీకి పోయింది. ఇప్పుడు ఇవ్వడానికి చేతిలో లేదు. ఇవ్వనంటే మళ్లీ ఆ ఊరి నుంచి నాకు కిరాయి రాదు. మీరైతే ఏం చేస్తారు? అసలు నిపా అంత భయపడాల్సిందేనా?

బ్రేకింగ్_న్యూస్ (సోమవారం, రాత్రి 10:31)

అన్నా పోవద్దు, గాలిలో వస్తదంట, కేరళ మొత్తం లాక్‌డౌన్ పెడుతున్నరంట, మా గ్రూపులో వచ్చింది, ఇదిగో చదువు...

అడ్మిన్ (సోమవారం, రాత్రి 10:40)

పై పోస్టులో అతికించిన వాట్సాప్ ఫార్వర్డ్ తీసేశాను. "అంట" తో మొదలయ్యేవి ఇక్కడ వద్దు, తెలిసింది ఉంటే రాయండి.

ల్యాబ్_కోటు (సోమవారం, రాత్రి 11:20)

మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, నాకు తెలిసినంత చెప్తాను. నిపా కరోనాలాగా బజారులో పక్కన నిలబడితే అంటుకునేది కాదు. పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఉంటుంది. వాటి ఎంగిలి తగిలిన పండ్లవల్లో, జబ్బు చేసిన మనిషికి దగ్గరుండి సేవ చేస్తేనో వస్తుంది. 2018 మేలో కోజికోడ్ దగ్గర మొదటిసారి వచ్చినప్పుడు 17 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క, అందులో ఎక్కువమందికి అంటింది ఆసుపత్రుల్లోనే. రోగికి సేవ చేసిన లినీ అనే నర్సు కూడా పోయింది, అప్పట్లో ఆమె భర్తకు రాసిన చీటీ అందరూ చదివే ఉంటారు. వచ్చినవాళ్లలో నూటికి 40 నుంచి 75 మంది దాకా చనిపోయే జబ్బు ఇది, ఆమోదం పొందిన టీకా లేదు. కాబట్టి ఆ పెద్దాయన భయం ఉత్తదేం కాదు. కాకపోతే జబ్బు ఎక్కడుంది, వాళ్లు పోయేది ఎక్కడికి, అది చూసుకోవాలి. ఇన్నేళ్లలో ఎక్కువగా కోజికోడ్, మలప్పురం వైపే వచ్చింది. 2018లో కూడా పర్యాటకులను జాగ్రత్తగా ఉండమన్నది నాలుగు జిల్లాల గురించే, కోజికోడ్, మలప్పురం, వయనాడ్, కన్నూర్. మున్నార్ ఇడుక్కి జిల్లాలో ఉంది. ఇప్పుడు ఏ జిల్లాలో కేసు వచ్చిందో ముందు అది కనుక్కో అన్నా.

ఇంకో మాట. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా వచ్చేది పచ్చి ఖర్జూర నీరా తాగితే. రాత్రి కుండ కట్టి వదిలేస్తే గబ్బిలాలు వచ్చి నాకిపోతాయి. ఆ చెట్టు వేరేది కాదు, మన ఈత చెట్టే.

గట్టు_మైసయ్య (సోమవారం, రాత్రి 11:34)

ల్యాబ్ అన్నా, పడుకునే ముందు గిదేం మాట. రేపు పొద్దున మా గౌడన్న కాడికి ఎట్ల పోవాలె నేను.

ల్యాబ్_కోటు (సోమవారం, రాత్రి 11:41)

పో, ఏం కాదు 😀 మన దగ్గర మనుషులకు నిపా వచ్చిన దాఖలా లేదు. కుండకు మూతి కట్టమని చెప్పు, చాలు. బంగ్లాదేశ్‌లో కూడా వెదురు తడికలు కట్టి ఆపుతున్నారు.

పిల్లలమర్రి_నీడ (మంగళవారం, ఉదయం 7:05)

నేను డబ్బు కట్టేవాళ్ల వైపు నుంచి మాట్లాడతా, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. 2020 మార్చిలో మా ఇంట్లో ఐదుగురికి ఢిల్లీ విమానం టికెట్లు కొన్నాం, హాలిడేస్‌లో పోదామని. లాక్‌డౌన్ పడింది. డబ్బు తిరిగి ఇవ్వం, ఏడాదిలోపు ఇంకో టికెట్ కొనుక్కోండి అన్నారు, క్రెడిట్ షెల్ అని దానికో పేరు. నేను టీచర్‌ని, నాకు మళ్లీ ఢిల్లీ పోయే పనేముంటుంది? సుప్రీంకోర్టు అక్టోబర్‌లో రీఫండ్ ఇవ్వమని చెప్పింది కానీ అందులో లాక్‌డౌన్ రోజుల్లో బుక్ చేసినవాళ్లకు ఒక లెక్క, ముందు బుక్ చేసినవాళ్లకు ఒక లెక్క, మాది ముందుది. చేతికి వచ్చేసరికి చాలా కాలం పట్టింది. అదే రైలు టికెట్లయితే రైలు రద్దయిన కొన్ని రోజులకే మొత్తం డబ్బు వెనక్కి వచ్చేసింది. అందుకే అంటున్నా, ఆ కుటుంబం అడగడంలో తప్పు లేదు. మా అత్తమ్మకు షుగర్, 70 దాటాయి. ఆమెను తీసుకుని నిపా వార్త వచ్చిన రాష్ట్రానికి పో అంటే, జిల్లా వేరని ఎంత చెప్పినా నేనూ పోను. అక్కడ జ్వరం వస్తే మామూలు జ్వరమే అయినా మమ్మల్ని ఎక్కడ పెడతారో అని టెన్షన్. నా భయం జబ్బు గురించి కాదు, అదే.

(మా మహబూబ్‌నగర్‌కు వచ్చిన కష్టం వింటే నవ్వుతారు. ఇక్కడ రోగం మనుషులకు కాదు, చూడటానికి వచ్చే చెట్టుకే వచ్చింది. 2017 డిసెంబర్‌లో పిల్లలమర్రి కొమ్మ విరిగింది, చెదలు పట్టిందని జనాన్ని ఆపేశారు. తర్వాత కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు, వందల బాటిళ్లు వేలాడుతుంటే అచ్చం జ్వరాల వార్డులాగే ఉండేది. గేటు బయట పల్లీలు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లు అప్పటి నుంచి ఏమయ్యారో ఎవరూ అడగలేదు.)

గడియారం_సెంటర్ (మంగళవారం, ఉదయం 8:10)

టీచరమ్మా, మీరు చెప్పింది న్యాయమే. విమానం కంపెనీకి వంద విమానాలుంటాయి, నాకు ఒక్క బండి, అంతే తేడా. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ రోజు ఇంటి ముందు పెట్టిన బండి, మళ్లీ సెల్ఫ్ కొట్టేసరికి బ్యాటరీ చచ్చిపోయింది, సీట్ల కింద ఎలుకలు వైర్లు కొరికాయి. కిస్తీలు కొన్ని నెలలు కట్టనక్కర్లేదన్నారు, సంతోషపడ్డా, తర్వాత చూస్తే ఆ నెలల వడ్డీ అసలు మీద ఎక్కి కూర్చుంది.

హిల్_కాలనీ (మంగళవారం, మధ్యాహ్నం 2:50)

సాగర్ నుంచి. చేపల ఫ్రై బండి నాది, డ్యాం చూడటానికి వచ్చేవాళ్లే నా గిరాకీ. అందరూ లాక్‌డౌన్ 24న అంటారు, మాకు 17నే. 2020 మార్చి 17న దేశంలో ఆర్కియాలజీ వాళ్ల మ్యూజియాలన్నీ మూశారు, సాగర్ నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండ మ్యూజియం కూడా వాళ్లదే. కొండ మూస్తే లాంచీ ఎందుకు, లాంచీ లేకపోతే సాగర్‌కు సగం మంది ఎందుకొస్తారు. జులై 6న తెరిచారు, ఎవరూ రాలేదు. ఆగస్టులో గేట్లు ఎత్తారు. మామూలుగా గేట్లు ఎత్తిన ఆదివారం నా దగ్గర 40 కిలోలు కూడా చాలవు, పొద్దున ఆరింటికే మసాలా పట్టించి పెడతాం నేనూ మా ఆవిడా. ఆ ఆదివారం మూడు కిలోలు అమ్మాను. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే దూకుతున్నాయి, చూసేవాడు లేడు. 2021 ఏప్రిల్ 16న మళ్లీ మూశారు, రెండు నెలలు.

ఒక సంగతి ఇక్కడ మొదటిసారి చెప్తున్నా. 2021 ఏప్రిల్ మొదట్లో నాకు జ్వరం వచ్చింది, రెండు రోజులు వాసన తెలియలేదు. చేపల బండి దగ్గర నిలబడి చేపల వాసన తెలియకపోతే ఏమై ఉంటుందో నాకు తెలియదా? టెస్టుకు పోలేదు. పోతే బండి ముందు కర్ర కడతారు, పక్కబండివాళ్లు కూడా నన్ను తిడతారు. మాస్క్ కట్టుకుని నిలబడ్డా. ఎవరికైనా అంటించానో లేదో దేవుడికే తెలుసు.

ల్యాబ్_కోటు (మంగళవారం, మధ్యాహ్నం 3:25)

హిల్ కాలనీ అన్నా, చెప్పినందుకు తిట్టను. టెస్ట్ చేయించుకుంటే శిక్ష పడుతుందంటే ఎవరు వస్తారు? మా ల్యాబ్ బయట దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లను చూశాను నేను. రాష్ట్రాలకైనా దేశాలకైనా ఇదే లెక్క. కేరళ పేరే ఎందుకు మాటిమాటికీ వినబడుతుంది? అక్కడ నిపాలో కనిపించే మెదడువాపు లక్షణాలతో ఒక్క మనిషి వచ్చినా శాంపిల్ పంపుతారు, తేలితే అదే రోజు మంత్రి మీడియా ముందుకొచ్చి చెప్తారు, ఆ మనిషి ఏ బస్సెక్కాడో, ఏ హోటల్లో తిన్నాడో మ్యాప్ వేసి పేపర్లకిస్తారు. వెతికేవాడికే దొరుకుతుంది. వెతకని చోట నిపా లేదనా, లేక వైరల్ జ్వరం అని రాసి పంపించేస్తున్నారా?

వాడపల్లి_సంగమం (మంగళవారం, సాయంత్రం 6:00)

ల్యాబ్ అన్న చెప్పింది నా కళ్లతో చూశా. నేను టాంజానియాలో సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తా, ఇప్పుడు సెలవులో ఇంటికి వచ్చా. 2021 నవంబర్ 24న దక్షిణాఫ్రికా వాళ్లు కొత్త రకం కరోనా దొరికిందని ప్రపంచానికి చెప్పారు, అదే ఒమిక్రాన్. అది అక్కడే పుట్టిందని ఎవరూ తేల్చలేదు, వాళ్ల ల్యాబ్‌లు పట్టుకున్నాయి, అంతే. రెండు మూడు రోజుల్లో ఆ చుట్టుపక్కల దేశాలన్నిటికీ విమానాలు బంద్. వాళ్లకు డిసెంబర్ అంటే మనకు సంక్రాంతి లాంటి సీజన్, సఫారీలు, లాడ్జిలు అన్నీ బుక్ అయి ఉంటాయి, అన్నీ పోయాయి. మంచి పని చేసినందుకు మమ్మల్ని శిక్షిస్తున్నారని వాళ్ల ప్రభుత్వమే బహిరంగంగా బాధపడింది. 2014లో ఎబోలా వచ్చింది లైబీరియా, సియెర్రా లియోన్, గినీలలో, పడమటి చివర. ఆ దెబ్బకు కెన్యా, టాంజానియాలలో కూడా సఫారీ బుకింగులు పడిపోయాయట, మా ఫ్యాక్టరీ డ్రైవర్ అన్న ఇప్పటికీ తలుచుకుంటాడు, అతను అప్పట్లో సఫారీ జీపు నడిపేవాడు. మ్యాప్ తీసి చూడండి, ఎంత దూరమో.

ఎవరైనా ఆఫ్రికా పోయేవాళ్లుంటే పనికొచ్చే మాట: ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, పసుపుపచ్చ కార్డు ఇస్తారు. 2016 నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ జబ్బున్న దేశం నుంచి కార్డు లేకుండా దిగితే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా పెడతారు. నా పక్క సీటాయనకు అదే జరిగింది, ఇంట్లో చెల్లి పెళ్లి పెట్టుకుని.

రెండో_మగ్గం (మంగళవారం, రాత్రి 8:45)

మీ అందరికంటే పెద్దవాణ్ణి కాబట్టి పాత ముచ్చట చెప్తా. మాది చండూరు, పద్మశాలీలం. ఇక్కడ మగ్గం మీద కూలి చాలక మా పక్కలవాళ్లు చాలామంది సూరత్, భివండి పోయారు, నేనూ పోయా. సూరత్ ఉధనాలో పవర్‌లూమ్‌లో చేసేవాణ్ణి. 1994 సెప్టెంబర్. వినాయక నిమజ్జనం అయిన మూడు నాలుగు రోజులకు ప్లేగు అన్నారు. సాయంత్రం షిఫ్టుకు వెళ్తే సేఠ్ లేడు, వాచ్‌మన్ లేడు, మగ్గాలు ఆపినవి ఆపినట్టే ఉన్నాయి. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గోలీలు అయిపోయాయి, ఒక్క గోలీ దొరికితే ముగ్గురం పంచుకున్నాం, అట్ల తింటే పనిచేయదని ఇప్పుడు తెలుసు. స్టేషన్‌లో రైలు కిటికీలోంచి నన్ను మా బావ లోపలికి తోశాడు. ముఖానికి గుడ్డ కట్టుకోని మనిషి లేడు. లక్షల మంది అట్లా పారిపోయారు.

ఊరికొచ్చాక ఇంట్లోకి రానియ్యలేదు. బావి కాడ కొట్టంలో పది రోజులు ఉన్నా, మా అమ్మ గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టి దూరం జరిగేది, నేను తిన్నాక గిన్నె మీద వేపాకు పొగ పట్టి తీసుకుపోయేది. నాకు ప్లేగు లేదు, ఏమీ లేదు. అప్పుడే మా చిన్నాయన కొడుకు దుబాయ్ పోవాల్సి ఉంది, వీసా చేతిలో ఉంది. గల్ఫ్ దేశాలు మన విమానాలే రానియ్యలేదు. వీసా తేదీ దాటిపోయింది, ఏజెంటుకు ఇచ్చిన డబ్బు పోయింది, వాడు మళ్లీ దుబాయ్ చూడలేదు, ఇప్పుడు నకిరేకల్‌లో నిమ్మకాయల వ్యాపారం. ఆ ప్లేగులో పోయింది 50 మందికి పైగా, దేశానికి వచ్చిన నష్టం మాత్రం రెండు వందల కోట్ల డాలర్లకు దగ్గర అని లెక్కలు కట్టారు. టూరిస్టులు ఆగ్రాకు కూడా రాలేదు. సూరత్ ఎక్కడ, ఆగ్రా ఎక్కడ.

అలంపూర్_చౌరస్తా (బుధవారం, ఉదయం 6:30)

కాకా, కొట్టంలో పెట్టిన ముచ్చట చదివి మా ఊరి సంగతి గుర్తొచ్చింది. 2020 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 1 దాకా తుంగభద్ర పుష్కరాలు. పన్నెండేళ్లకోసారి వచ్చేది, వచ్చి వచ్చి కరోనా ఏడాదే వచ్చింది. మా వైపు అలంపూర్, రాజోలి, పుల్లూరు ఘాట్లలో నెగెటివ్ రిపోర్టు తెచ్చుకుంటే మునగొచ్చన్నారు, అవతల కర్నూలు వైపు నదిలో స్నానమే వద్దన్నారు. నది ఒకటే, నీళ్లు ఒకటే. అవతలి ఒడ్డున రాష్ట్రం వేరు కాబట్టి పుణ్యం కూడా వేరు! మా బావమరిది ఆ పన్నెండు రోజుల కోసమే కొబ్బరికాయలు లారీ దించుకున్నాడు, సగం కుళ్లిపోయాయి, సంక్రాంతి దాకా మా ఇంట్లో రోజూ కొబ్బరి పచ్చడే.

అది నవ్వే ముచ్చట. నవ్వలేనిది ఇంకోటి ఉంది. 2021 మేలో అదే పుల్లూరు టోల్‌గేటు దగ్గర కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు, హైదరాబాద్‌లో బెడ్ ఉన్నట్టు ముందే అనుమతి ఉంటేనే పోనిస్తామని. ఎండలో లైను. దారిలోనే పోయినవాళ్లున్నారు. హైకోర్టు స్టే ఇచ్చాక వదిలారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నా, ఒక అంబులెన్సు డ్రైవర్ నా దుకాణంలో నీళ్ల బాటిల్ కొని డబ్బులివ్వడం మర్చిపోయి పరిగెత్తాడు. నేనూ అడగలేదు. చెక్‌పోస్టు పెట్టి రోగాన్ని ఆపుతామంటే నాకు ఆ బాటిలే గుర్తొస్తుంది.

పిల్లలమర్రి_నీడ (బుధవారం, ఉదయం 7:20)

అలంపూర్ అన్నా, మీరు చెప్పింది చదివాక ఏం రాయాలో తెలియలేదు. కానీ చెక్‌పోస్టులు ఎప్పుడూ వద్దంటే కూడా ఒప్పుకోను. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో ఆంధ్ర కోళ్ల లారీలను వెనక్కి పంపారు, అది సరైందే కదా?

హిల్_కాలనీ (బుధవారం, ఉదయం 9:00)

సరైందే, పైగా ఆ రెండు నెలలు నా చేపలకు పండగ 🙂 చికెన్ తినేవాళ్లంతా నా దగ్గరికే. కోళ్లవాళ్ల ఉసురు తగులుతుందేమోనని భయమేసింది కూడా. అయినా లారీని ఆపడం వేరు, అంబులెన్సును ఆపడం వేరు టీచరమ్మా.

ల్యాబ్_కోటు (బుధవారం, ఉదయం 9:40)

అంకెలు ఇష్టమైనవాళ్ల కోసం: 2019లో ప్రపంచంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరిగిన పర్యాటకులు సుమారు 146 కోట్లు, 2020లో 40 కోట్లకు అటూ ఇటూ. మన దేశానికి వచ్చిన విదేశీయులు కోటీ 9 లక్షల నుంచి 27 లక్షలకు పడ్డారు. మన పోచంపల్లిని ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది కూడా ఆ కరోనా కాలంలోనే, 2021లో. బిరుదు వచ్చిన ఏడాది చూడటానికి వచ్చేవాళ్లే లేరు.

గడియారం అన్నా, ఏమైంది నీ సంగతి?

గడియారం_సెంటర్ (బుధవారం, రాత్రి 9:30)

అందరికీ థ్యాంక్స్. పొద్దున మిర్యాలగూడ పోయి పెద్దాయనతో ఎదురుగా కూర్చుని మాట్లాడా, ఫోన్‌లో అయితే కోపాలే మిగులుతాయి. ఆరోగ్యశాఖ వాళ్ల ప్రకటన ఫోన్‌లో చూపించా, కేసు మలప్పురంలో, మున్నార్ ఇడుక్కిలో అని. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, "నువ్వు చెప్పేది నిజమే బాబూ, కానీ నా కోడలు రాత్రి నిద్రపోవడం లేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పర్మిట్ రసీదులు చూపించా. ఆ ఏడున్నర వేలు ఆయన వదులుకుంటానన్నాడు, టైర్ నా బండికే ఉంటుంది కాబట్టి అది నా లెక్కలో వేసుకున్నా. మిగిలిన పన్నెండున్నర వేలకు డబ్బు బదులు దగ్గర్లో మూడు రోజుల ట్రిప్ అడిగారు. కోడలే చెప్పిందట, కృష్ణ దాటకుండా ఎక్కడికైనా సరే అని.

సోమశిల అనుకుంటున్నాం. అక్కడి నుంచి లాంచీలో శ్రీశైలం పోయి, నేను బండి తీసుకుని రోడ్డు మీద వచ్చి అందుకోవచ్చా? 17 మందికి రాత్రి ఉండటానికి టూరిజం వాళ్ల కాటేజీలు సరిపోతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

అలంపూర్_చౌరస్తా (బుధవారం, రాత్రి 9:52)

శ్రీశైలం అంటే కృష్ణ అవతల కదా తమ్మీ, కోడలికి చెప్పావా 😀

కాటేజీలు తక్కువే, ముందే ఫోన్ చేసి పట్టుకో, చాలకపోతే కొల్లాపూర్‌లో లాడ్జి చూసుకోవాలి. లాంచీ మాత్రం డ్యాంలో నీటిమట్టం ఉంటేనే కదులుతుంది, బయల్దేరే ముందు రోజు అడుగు.

హిల్_కాలనీ (బుధవారం, రాత్రి 10:04)

వచ్చేటప్పుడు సాగర్ మీదుగా రా. 17 మంది అంటే ఎన్ని కిలోలు పెట్టమంటావో ముందు రోజు చెప్పు.